బురద ఎత్తే రోజుకు మనుషులు చాలరు

ప్రశ్న: మాది కర్నూలు పాతబస్తీ. 2009 వరద వచ్చినప్పుడు నేను ఐదో తరగతి. వీధిలోకి నీళ్లు వస్తుంటే నాన్న నన్ను భుజాన వేసుకుని పక్కవాళ్ల మేడ ఎక్కడం ఇంకా గుర్తుంది. ఇప్పుడు హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాను. 2024 సెప్టెంబర్‌లో విజయవాడ మునిగినప్పుడు ఆఫీసు స్నేహితులం డబ్బులు వేసుకుని 400 పులిహోర పొట్లాలు కట్టించి తీసుకెళ్లాం. సింగ్ నగర్ వంతెన దాటి లోపలికి వెళ్లలేకపోయాం. అక్కడ నిలబడ్డవాళ్లకే పంచాం. వాళ్ల చేతుల్లో అప్పటికే మూడేసి పొట్లాలున్నాయి. మిగిలినవి సాయంత్రానికి పాడైపోయాయి. తిరిగి వస్తూ కారులో ఎవరమూ మాట్లాడలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక విపత్తు సహాయ సంస్థ కార్యకర్తలను చేర్చుకుంటోంది. శని, ఆదివారాల్లో శిక్షణ. చేరాలని ఉంది, కానీ అమ్మ ఒప్పుకోవడం లేదు. "మనం మునిగిన రోజు మనకెవరు వచ్చారు?" అంటుంది. పైగా నాకు నీళ్లంటే భయం. గట్టి వాన పడితే నిద్ర పట్టదు. నావల్ల ఎవరికైనా ఉపయోగం ఉంటుందా? సంస్థ మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి? అమ్మకు ఏమని చెప్పాలి?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, నాదీ కర్నూలు పాతబస్తీయే. హంద్రీ వైపు దిగే వీధుల్లో ఒకదానిలో ముప్పై ఏళ్లుగా ఉంటున్నాను. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నీ వయసు కూతురు నాకుంది కాబట్టి 'నువ్వు' అనే రాస్తాను, ఏమీ అనుకోకు.

ముందు ఆ పులిహోర సంగతి. వరద సాయం ఎప్పుడూ బండి ఆగిన చోటే ఆగిపోతుంది. బయటి నుంచి వచ్చిన ప్రతి కారూ, ప్రతి లారీ నీళ్లు మొదలైన చోట నిలబడుతుంది. అక్కడిదాకా నడిచి రాగలిగినవాళ్లకు అన్నీ దొరుకుతాయి. లోపలి వీధిలో, రెండో అంతస్తులో, మంచం దిగలేని ముసలాయనకు ఏదీ అందదు. ఆ వారం బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్ నగర్ వైపు కాలనీల్లో నీళ్లు రోజుల తరబడి నిలిచిపోతే ప్రభుత్వమే డ్రోన్లతో ఆహారం చేరవేయాల్సి వచ్చింది. అలాంటి చోట మీ కారు వంతెన దాటకపోవడం మీ తప్పు కాదు. మీకు తెలియనిది ఒకటే: ఏ వీధికి ఏమి అందలేదో. అది తెలిసి ఉంటే 400 పొట్లాలకు బదులు నలభై పాలపొడి డబ్బాలు, ఒక పడవ సరిపోయేవేమో. సంస్థలో చేరడం అంటే ఆ సమాచారం ఉన్నవాళ్ల దగ్గరికి చేరడం. అందుకే చేరు అంటున్నాను.

ఇక నీవల్ల ఉపయోగం ఉంటుందా అని అడిగావు. దానికి నేను చూసింది చెబుతాను.

2009 అక్టోబర్ 2, గాంధీ జయంతి. తుంగభద్ర పొంగింది. హంద్రీ నీళ్లకు నదిలో కలిసే దారి లేక ఊరి మీదికి తన్నుకొచ్చాయి. దిగువన శ్రీశైలం జలాశయానికి, ఆనకట్టను రూపొందించిన 19 లక్షల క్యూసెక్కుల లెక్కను దాటి, 25 లక్షలకు పైగా వరద వచ్చిన రోజులవి. మేము పై అంతస్తులో బతికి బయటపడ్డాం. మొదటి మూడు రోజులు మనుషులకు కొదవ లేదు. పొట్లాలు వచ్చాయి, నీళ్ల ప్యాకెట్లు వచ్చాయి, నాయకులు వచ్చారు, కెమెరాలు వచ్చాయి. తర్వాత నీళ్లు దిగిపోయాయి. వాటితోపాటే వచ్చినవాళ్లూ దిగిపోయారు.

కింది ఇంటి తలుపు తోస్తే తెరుచుకోలేదు. లోపల బురద తలుపుకు అడ్డం కూర్చుంది. మా వారు కిటికీ ఊచలు తీసి లోపలికి దిగారు. మోకాలి కింది దాకా నల్లటి బురద, చలిమిడి ముద్దలాగా. అందులో సగం మునిగిన ఫ్రిజ్. మూలన బియ్యం బస్తా ఉబ్బి పగిలి, ఆ వాసన... ఇప్పటికీ తడి గోనెసంచి వాసన తగిలితే నాకు అన్నం సహించదు. ఆ బురద తడిగా ఉండగానే ఎత్తాలి. రెండు ఎండలు తగిలిందంటే నేలను పట్టుకుని సిమెంటులా బిగుస్తుంది. నేనూ, మా వారూ, తట్టా పారా. ఒక్క గది సగం కూడా కాకముందే ఆయన గోడకు చేరగిలబడి కూర్చుండిపోయారు.

అప్పుడు వీధిలోకి నలుగురు పిల్లలు వచ్చారు. ఏ ఊరివాళ్లో అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. అందరికీ రబ్బరు బూట్లు, చేతిలో పారలు. వాళ్లలో ఒకడు గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మా, ముందు ఏ గది?" అని అడిగాడు. అంతే. ఆ వారం రోజుల్లో నన్నొక మాట అడిగిన మొదటి మనిషి వాడు. అప్పటిదాకా అందరూ ఇచ్చారు, చెప్పారు, ఓదార్చారు. నాకు ఏది ముందు కావాలో ఎవరూ అడగలేదు. నేను వంటగది అన్నాను. వాళ్లు సాయంత్రానికి వంటగది నేల బయటపడేదాకా తవ్వి, చివర్లో కొబ్బరి చీపురుతో కడిగి వెళ్లారు.

వాళ్లతో ఒక అమ్మాయి కూడా వచ్చింది. పార పట్టలేదు. మా పాప పదో తరగతి మార్కుల జాబితా, ఇంటి దస్తావేజులు, రేషన్ కార్డు, అన్నీ ఒకే ముద్దయి బీరువాలో దొరికాయి. నేను పారేయబోతుంటే ఆపింది. మేడ మీద నీడలో కూర్చుని, మడతల మధ్య నెమ్మదిగా పలచని రేకు దూర్చి ఒక్కొక్క కాగితం విడదీసింది. పాత వార్తాపత్రికల మధ్య పెట్టి నీడలోనే ఆరబెట్టింది. ఎండలో పెడితే సిరా ఎగిరిపోతుందని చెప్పింది. మార్కుల జాబితా మీద ముద్ర కనబడేంతవరకు మిగిలింది. ఆ కాగితంతోనే మా పాప కాలేజీలో చేరింది. ఆ అమ్మాయికి ఈత వచ్చా, నీళ్లంటే భయమా అని నేను అడగలేదు. అడగాల్సిన అవసరమూ రాలేదు.

నీ భయం గురించి నా జవాబు ఇందులోనే ఉంది. మంచి సంస్థ ఏదీ నిన్ను నీళ్లలోకి దించదు. పడవ, తాడు, ప్రవాహం, ఇవి జాతీయ, రాష్ట్ర విపత్తు దళాల పని. వాళ్లు దానికోసం నెలల తరబడి సాధన చేస్తారు. హైదరాబాద్‌లో అయితే వాన నీటి కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో కనబడదు. జానెడు లోతు నీరు కూడా వేగంగా పారుతుంటే మనిషి కాలు నిలవదు, మూరెడు లోతులో కారు తేలుతుంది. నీళ్లంటే లెక్క లేని కుర్రవాళ్లను చూస్తేనే నాకు గుండె దడ. భయపడే మనిషి అడుగు చూసి వేస్తుంది, పక్కవాణ్ణీ ఆపుతుంది.

కానీ వాన పడితే నిద్ర పట్టడం లేదన్న మాటను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఐదో తరగతిలో చూసింది ఇంకా లోపల ఉందన్నమాట. 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిదే, ఏ వేళకైనా పలుకుతుంది, డబ్బు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. శిక్షణలో చేరేటప్పుడు ఈ సంగతి మీ బృంద నాయకుడికో నాయకురాలికో ముందే చెప్పు. చెప్పినందుకు నిన్ను తక్కువగా చూస్తే ఆ సంస్థ సంగతి అక్కడే తెలిసిపోతుంది.

నీ చేతిలో ఉన్న విద్య విలువ నీకు తెలిసినట్టు లేదు. సహాయ శిబిరం లెక్క మీద నడుస్తుంది. 500 మంది ఉన్న శిబిరం అనుకో. తాగడానికి, వంటకు, కడుక్కోవడానికి కలిపి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు కావాలని ప్రపంచమంతటా సహాయ సంస్థలు పాటించే స్పియర్ ప్రమాణాలు చెబుతాయి. అంటే 7,500 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్ రోజుకు ఒకసారి వస్తే చాలదు. మరుగుదొడ్లు మొదటి రోజుల్లో యాభై మందికి ఒకటి, తర్వాత ఇరవై మందికి ఒకటి. అవి తక్కువైతే ఆడవాళ్లు చీకటి పడేదాకా నీళ్లు తాగడం మానేస్తారు. ఇది ఏ పట్టికలోనూ కనబడదు, శిబిరంలో ఒక రోజు కూర్చుంటే కనబడుతుంది. ఎవరికి చక్కెర వ్యాధి, ఎవరి మాత్రలు కొట్టుకుపోయాయి, ఎవరు గర్భిణి, ఏ ఇంటికి కిట్టు రెండుసార్లు వెళ్లింది, ఏ ఇంటికి ఒక్కసారీ వెళ్లలేదు... ఇవి నాలుగు నోటు పుస్తకాల్లో నలుగురి చేతిరాతలో ఉంటాయి. వాటిని రాత్రికి రాత్రి ఒక్క జాబితాగా చేసి పొద్దున్నే లారీ డ్రైవర్ చేతిలో పెట్టే మనిషి దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. నువ్వు ఆఫీసులో రోజూ చేసే పని అదే కదా.

2021 నవంబర్ 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చిందీ ఇదే తేదీన. మా తరం వాళ్లకు ఆ తేదీ మరోసారి గుండెల్లో గుచ్చుకుంది. అప్పటికి నేను ఒక సంస్థలో పనిచేస్తున్నాను. రాజంపేట వైపు వెళ్లాం. అక్కడ బురద బదులు ఇసుక. ఇళ్లలో ఇసుక, పొలాల్లో ఇసుక మేటలు. మా బండి ఊరి మొదట్లో ఆగగానే పెద్దమనుషులు వచ్చి, ఇక్కడే దించండి, మేము పంచుతాం అన్నారు. మా బృందంలో ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన ఏమీ వాదించకుండా, "ముందు చివరి ఇల్లు చూసి వస్తాం" అని నడుచుకుంటూ వెళ్లిపోయారు. ఊరి చివరన ఉన్న కాలనీలో ఆ రోజుకు ఒక్క దుప్పటీ చేరలేదు. ఆ రోజు నుంచి ఏ ఊళ్లోనైనా పంపిణీ చివరి ఇంటి నుంచే మొదలుపెట్టాం. కులం పేరు ఎవరూ నోటితో అనరు. బండి ఎక్కడ ఆగుతుందో అదే చెబుతుంది.

అందుకే సంస్థను ఎలా ఎంచుకోవాలని నువ్వడిగితే నేను మొదట అడగమనే మాట ఇది: మీరు పంపిణీ ఎక్కడి నుంచి మొదలుపెడతారు? వాళ్ల దగ్గర దీనికి జవాబు సిద్ధంగా ఉంటే సగం నమ్మవచ్చు.

మిగతావి చూసి తెలుసుకునేవే. విరాళానికి రసీదు ఇస్తారా, ఏడాది లెక్కలు అడిగితే చూపిస్తారా చూడు. విపత్తు వేళ జిల్లాలో అంతా కలెక్టర్ చేతి కిందే నడవాలి, కాబట్టి కలెక్టరేట్‌కు చెప్పి వెళ్తారా, చెప్పకుండా దూకుతారా అడుగు. ఆడపిల్లలకు రాత్రి బస ఎక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ అని మొహమాటపడకుండా అడుగు. జవాబు చెప్పడానికి తడబడితే ఆ ప్రయాణం మానుకో. దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది, బీమా ఉందా కనుక్కో. మొదటి రోజే చొక్కా ఇచ్చి ఫోటో తీస్తే నాకు అనుమానం. మొదటి నెల గోదాములో బట్టలు వేరు చేయమంటే నాకు నమ్మకం. బట్టలు వేరు చేయడం చిన్న పని అనుకునేవు. చిరిగిన జాకెట్లు, ఒక కాలి చెప్పులు, పెళ్లి సూట్లు లారీల కొద్దీ వచ్చి రోడ్డు పక్కన తడిసి కుళ్లడం నేను కళ్లారా చూశాను. ముంపులో ఉన్న ఆడదానికి కావలసింది లోదుస్తులు, నెలసరికి శుభ్రమైన బట్ట, ఒక నైటీ. అది అడగడానికి ఆమెకు సిగ్గు. గూంజ్ లాంటి సంస్థలు నగరాల పాత బట్టలను ఒక పద్ధతిలో ఏరి, ఉతికి, నెలసరి బట్టలుగా కూడా తయారు చేస్తాయి. ఒక్క ఆదివారం ఏ సంస్థ గోదాములోనైనా కూర్చుంటే నీ పులిహోర ప్రశ్నలకు చాలావరకు జవాబు దొరుకుతుంది.

నువ్వు చెప్పిన సంస్థ నచ్చకపోతే దారులు వేరే ఉన్నాయి. రెడ్ క్రాస్ సొసైటీ మన దేశంలో 1920 నుంచి ఉంది. జిల్లా శాఖకు కలెక్టరే అధ్యక్షులు. ప్రథమ చికిత్స నేర్చుకోవడానికి మంచి చోటు. ఆపద మిత్ర అని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పథకం ఉంది. 18 నుంచి 40 ఏళ్లవాళ్లకు పన్నెండు రోజుల శిక్షణ ఇచ్చారు. మీ జిల్లాలో కొత్తగా ఎప్పుడు తీసుకుంటారో కలెక్టరేట్‌లోని విపత్తు విభాగంలో కనుక్కో. మన వైపు 'వాలంటీర్' అనగానే ఒకప్పుడు పింఛను తెచ్చిచ్చిన మనిషి గుర్తొస్తుంది కాబట్టి, అమ్మతో మాట్లాడేటప్పుడు ఆ మాట వాడకు. సహాయ పనికి వెళ్తున్నాను అను.

నీ సమయం మాట. నెలకు ఒక ఆదివారం ఇస్తానని చెప్పి తప్పకుండా రా. ప్రతి వారం వస్తానని చెప్పి మూడో వారం మానేసినవాళ్లను నమ్ముకుని మేము పడ్డ ఇబ్బంది ఇంతా అంతా కాదు. ఆఫీసులో ఎన్ని రోజుల సెలవు దొరుకుతుందో ముందే కనుక్కో. ఆ సెలవును మొదటి రోజు కోసం ఖర్చు పెట్టకు. వరద వచ్చిన నాలుగో రోజు నుంచి పదో రోజు వరకు దాచుకో. మా వీధికి ఆ నలుగురూ వచ్చిందీ అప్పుడే. విజయవాడలో ఫైరింజన్లు పెట్టి ఇళ్లు కడిగించారు, సంతోషించాను. అయినా తడిసిన కాగితాన్ని విడదీయడానికి ఫైరింజన్ పనికిరాదు.

బయలుదేరే ముందు ధనుర్వాతం టీకా వేయించుకో. బురదలో గాజు పెంకులు, మేకులు, పాములు ఉంటాయి కాబట్టి మడమ కప్పే బూట్లు ఉండాలి, చెప్పులతో దిగకు. కాలి మీద చిన్న గాయం ఉన్నా వరద నీళ్లు తగలనివ్వకు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. ముందుజాగ్రత్త మందు వాడాలో లేదో డాక్టరును అడిగే నిర్ణయించుకో. ఎవరి ఇంట్లోనూ ఎలక్ట్రీషియన్ చూడకుండా మెయిన్ స్విచ్ వేయనివ్వకు.

ఇక అమ్మ. "మనకెవరు వచ్చారు?" అని ఆమె అడిగినప్పుడు నువ్వు జవాబు చెప్పబోతున్నావు, అక్కడే తగువు వస్తోంది. అది నిన్ను అడిగిన ప్రశ్న కాదమ్మా. ఆ రోజు ఆమె చేతిలో చిన్నపిల్ల, కింద ఇల్లు నీళ్లలో, ఏ దిక్కు నుంచి సాయం వస్తుందో తెలియదు. ఆమె ఇంకా ఆ మేడ మీదే నిలబడి ఉంది. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు శిక్షణ మాట ఎత్తకు. పక్కన కూర్చుని, మేడ మీద ఆ రాత్రి ఎలా గడిచిందని అడుగు. తర్వాత ఎక్కడ తిన్నారు, ఎవరు పెట్టారు, ఇల్లు ఎవరు కడిగారు, నీకు మార్చడానికి బట్టలు ఎక్కడివి, అన్నీ అడుగు. ఎవరో ఒకరు గుర్తొస్తారు. ఒకవేళ నిజంగానే ఎవరూ రాకపోయి ఉంటే, ఆమె కోపం న్యాయమైనదే. తల వంచుకుని విను.

అది అయ్యాక ఇంట్లో ఒక పని మొదలుపెట్టు. ఇంటి దస్తావేజులు, మీ మార్కుల జాబితాలు, ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాలు అన్నీ తీసి ఫోనులో ఫోటోలు తీసుకో. డిజిలాకర్‌లో దొరికేవి అందులో చేర్చు. అసలు కాగితాలు మందపాటి ప్లాస్టిక్ కవరులో పెట్టి పై అటకకు చేర్చు. అమ్మ ఫోనులో అత్యవసర సాయానికి 112, రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూముకు 1070 రాసిపెట్టు. వరద హెచ్చరికలు వచ్చే సచేత్ యాప్ పెట్టి, అది ఎలా మోగుతుందో చూపించు.

ఆ తర్వాత అమ్మను ఒక్క మాట అడుగు: మన వీధిలో మేడ మెట్లు ఎక్కలేనివాళ్లు ఎవరెవరు? మోకాళ్ల నొప్పుల అత్త, డయాలసిస్‌కు వెళ్లే మామ, ఒంటరిగా ఉండే పెద్దామె... ఏ ఇంట్లో ఎవరో, వాళ్ల పిల్లలు ఏ ఊళ్లో ఉన్నారో, ఎవరిని ఎవరు మోయగలరో అమ్మకు నోటికి వచ్చు. పుస్తకం తీసుకుని పక్కన కూర్చుని, ఆమె చెబుతుంటే రాసుకో.